రంగం మారినవారికి మూడు ఆఫర్లు వస్తే: జీతం ఎలా అడగాలి, దేనికి ఒప్పుకోవాలి

పాలిటెక్నిక్ కాలేజీలో ఏడేళ్లు లెక్కలు చెప్పిన ఒక అధ్యాపకుడు ముప్పై మూడో ఏట డేటా అనలిటిక్స్ నేర్చుకొని హైదరాబాదులో కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్నాడనుకుందాం. కాలేజీలో అతని జీతం నెలకు 28,000 రూపాయలు. తల్లిదండ్రులు కర్నూలులో ఉంటారు, తండ్రికి మధుమేహం ఉంది. ఆరు నెలలు ఒక్క పిలుపూ రాలేదు. తరువాత పదిహేను రోజుల వ్యవధిలో మూడు ఆఫర్లు చేతికొచ్చాయి. మొదటిది హైదరాబాదులోని పెద్ద ఐటీ సేవల సంస్థలో పర్మినెంట్ ఉద్యోగం, ఏడాదికి 7.2 లక్షలు. రెండోది అదే నగరంలోని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక విదేశీ బ్యాంకు కేంద్రంలో పని, కానీ జీతమిచ్చేది మధ్యలో ఉన్న స్టాఫింగ్ ఏజెన్సీ. ఏడాది కాంట్రాక్టు, 9 లక్షలు. మూడోది బెంగళూరులోని స్టార్టప్, 12 లక్షలు.

ఇది ఊహించిన ఉదాహరణే అయినా, ఇలాంటి మూడు కాగితాలను పక్కపక్కన పెట్టుకొని నిద్ర పట్టక కూర్చున్నవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. బంధువులు అడిగే మొదటి ప్రశ్న “ప్యాకేజీ ఎంత?” అన్నదే కాబట్టి పన్నెండు లక్షలది ముందు వరుసలోకి వచ్చేస్తుంది. ఆఫర్ లెటర్ చివరి పుటలోని జీతాల పట్టికను ఒక గంట సేపు కూర్చొని విప్పి చూస్తే ఆ వరుస నిలబడదు.

ప్యాకేజీలో చేతికి రానిది ఎంత

ప్యాకేజీగా చెప్పే సీటీసీ (కాస్ట్ టు కంపెనీ) అంటే ఉద్యోగికి ఇచ్చే జీతం కాదు, ఉద్యోగి మీద సంస్థ పెట్టే ఖర్చు. అందులో యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టే సొమ్ము, ఆరోగ్య బీమా ప్రీమియం, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే, ఒక్కసారే ఇచ్చే జాయినింగ్ బోనస్, స్టార్టప్ అయితే షేర్ల ఆప్షన్ల (సంస్థ షేర్లను నిర్ణీత ధరకు తరువాత కొనుక్కునే హక్కు) విలువ కూడా కలిసి ఉంటాయి. వీటిలో కొన్ని నిజమైన ప్రయోజనాలే, కొన్ని కాగితం మీది అంకెలు మాత్రమే. ఏది ఏదో తేల్చుకోకుండా రెండు సీటీసీలను పోల్చడమంటే బియ్యం బస్తానూ ఊక బస్తానూ తూకం వేసి ఏది బరువో చూడడమే.

సేవల సంస్థ ఇచ్చిన 7,20,000ను విప్పితే ఇలా తేలిందనుకుందాం. వేరియబుల్ 72,000, యజమాని పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600, గ్రాట్యుటీ 14,430, బీమా 11,970. ఇవి తీసేస్తే మిగిలే స్థిర జీతం 6,00,000, అంటే నెలకు 50,000. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి 48,000 వస్తుంది. ఏజెన్సీ కాంట్రాక్టులో వేరియబుల్ లేదు. పీఎఫ్, గ్రాట్యుటీ, నామమాత్రపు బీమా పోగా నెలకు 71,000 మిగులుతుంది, చేతికి 69,000. స్టార్టప్ చెప్పిన పన్నెండు లక్షల్లో ఆప్షన్ల పేరిట 2,40,000, జాయినింగ్ బోనస్ 90,000 ఉన్నాయి. వాటితో పాటు పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా కూడా తీసేస్తే నెలజీతం 68,000, చేతికి 66,000.

పన్నెండు లక్షల ఆఫర్ నెలనెలా ఇచ్చేది తొమ్మిది లక్షల ఆఫర్ కంటే మూడు వేలు తక్కువ. ఈ ఒక్క లెక్క వేయకుండా “పన్నెండుకు కుదిరింది” అని ఊరంతా చెప్పేసుకున్నవారికి మొదటి నెల బ్యాంకు మెసేజీ చూసినప్పుడే విషయం తెలుస్తుంది.

ఆదాయపు పన్ను సంగతి ఈ స్థాయిలో సులువైపోయింది. 2025 బడ్జెట్ తరువాత కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12.75 లక్షల వరకు జీతం ఉన్నవారికి పన్ను పడదు. కనుక ఈ మూడింటిలోనూ పన్ను సున్నా. ఇంటద్దె అలవెన్సును పెంచి చూపి “పన్ను ఆదా అవుతుంది” అని హెచ్ఆర్ చెప్పే మాటకు ఇక్కడ విలువ లేదు. ఆ మినహాయింపు పాత విధానాన్ని ఎంచుకున్నవారికే వర్తిస్తుంది.

పీఎఫ్ దగ్గర ఒక మెలిక ఉంది. కొన్ని సంస్థలు చట్టంలోని 15,000 రూపాయల వేతన పరిమితి మీద 12 శాతం, అంటే 1,800 మాత్రమే కడతాయి. మరికొన్ని మొత్తం బేసిక్ (మూల వేతనం) మీద కడతాయి. రెండో పద్ధతిలో చేతికొచ్చేది తగ్గినా పొదుపు పెరుగుతుంది, కాబట్టి టేక్ హోమ్‌ను మాత్రమే పోల్చేవారు అక్కడ పొరపాటు పడతారు. ఒకే పద్ధతికి మార్చుకొని పోల్చాలి.

గ్రాట్యుటీ విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినంగానే ఉంటుంది. పర్మినెంట్ ఉద్యోగికి అది ఐదేళ్ల సర్వీసు నిండితేనే దక్కుతుంది. రంగం మారినవారు మొదటి ఉద్యోగంలో ఐదేళ్లు ఉండడం అరుదు. రెండు, మూడేళ్లకు అనుభవం సంపాదించుకొని కదులుతారు. కనుక సేవల సంస్థ పట్టికలోని 14,430ను మీ డబ్బుగా లెక్కించవద్దు. అయితే 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నిర్ణీత కాల ఒప్పందం మీద పనిచేసేవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. కాబట్టి ఏజెన్సీ వారిని, నియామక పత్రంలో మీ ఉద్యోగాన్ని నిర్ణీత కాల ఉపాధిగా చూపిస్తున్నారా లేదా అని సూటిగా అడగవచ్చు. అవే కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం ప్రతిఫలంలో సగాన్ని మించితే, మించిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. బేసిక్‌ను ముప్పై శాతానికి కుదించిన పాత తరహా పట్టిక మీ చేతికి వచ్చిందంటే, దాన్ని ఎవరూ సవరించలేదని అర్థం. అడగడానికి అదొక మంచి సాకు.

రెండేళ్ల లెక్క

నెలజీతాన్ని కాక రెండేళ్ల మొత్తాన్ని పోల్చమంటాను. కొత్త రంగంలో మొదటి ఉద్యోగం ఆయుష్షు దాదాపు అంతే గనుక ఆ గడువు సహజమైనది.

సేవల సంస్థలో 48,000 చొప్పున ఇరవై నాలుగు నెలలకు 11,52,000. వేరియబుల్ పూర్తిగా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు కనుక డెబ్బై శాతమే వేసుకుంటే రెండేళ్లకు 1,00,800. మొత్తం 12,52,800. రెండో ఏట ఎనిమిది శాతం పెంపు ఇచ్చినా మరో 48,000 కలుస్తుంది, అంతే. ఏజెన్సీ కాంట్రాక్టు ఏడాదికి ముగిసి, మరొకటి దొరకడానికి మూడు నెలలు ఖాళీగా ఉండవలసి వచ్చిందనుకున్నా, ఇరవై ఒక్క నెలలకు 14,49,000 వస్తుంది. ఖాళీ దాదాపు ఆరు నెలలకు చేరితే గానీ రెండూ సమానం కావు. “కాంట్రాక్టు అంటే రిస్కు” అని ఇంట్లో అందరూ భయపెడుతున్నప్పుడు ఆ రిస్కు విలువ ఎన్ని నెలలో ఇలా తేల్చి చూపించడం ఉపయోగపడుతుంది. ఆరు నెలల ఖాళీని తట్టుకోగల నిల్వ ఇంట్లో లేనప్పుడు మాత్రం ఆ భయం న్యాయమైనదే.

బెంగళూరు స్టార్టప్‌లో ఇరవై నాలుగు నెలలకు 15,84,000, బోనస్ 90,000 కలిపితే 16,74,000. కానీ అతను హైదరాబాదులో తమ్ముడి ఇంట్లో ఉండి వెళ్లే వీలున్నవాడు. బెంగళూరులో అద్దె, తిండి, కర్నూలుకు రాకపోకలు కలిపి నెలకు పది వేలు అదనమనుకుంటే 2,40,000 పోయి 14,34,000 మిగులుతుంది. హైదరాబాదులో ఇంటి అడ్వాన్సు సాధారణంగా రెండు నెలలతో సరిపోతే, బెంగళూరులో అంతకు చాలా ఎక్కువ అడుగుతారు. ఆ సొమ్ము తిరిగి వచ్చేదే అయినా చేరే నెలలో ఎక్కడినుంచి తేవాలన్నది వేరే సమస్య. మొత్తం మీద ఏజెన్సీ ఉద్యోగం, స్టార్టప్ డబ్బుల్లో సమానంగా నిలిచాయి, సేవల సంస్థ సుమారు లక్షన్నర, రెండు లక్షలు వెనకబడింది. పన్నెండుకూ తొమ్మిదికీ మధ్య కనిపించిన మూడు లక్షల తేడా ఎక్కడా లేదు.

ఆప్షన్లను ఈ లెక్కలో సున్నాగా వేశానని గమనించే ఉంటారు. అవి పనికిరానివని కాదు. కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన నియమాల ప్రకారం ఆప్షన్ ఇచ్చిన నాటి నుంచి కనీసం ఏడాది గడిస్తే గానీ అది ఉద్యోగికి దఖలు పడదు. చాలా స్టార్టప్‌లు నాలుగేళ్ల మీద విడతలుగా ఇస్తాయి. దఖలు పడ్డాక కూడా నిర్ణీత ధర చెల్లించి కొనుక్కోవాలి. కొన్నప్పుడు, ఆ నాటి విలువకూ మీరు చెల్లించిన ధరకూ ఉన్న తేడాను జీతంగా లెక్కించి పన్ను వేస్తారు, అమ్ముకునే దారి ఉన్నా లేకున్నా. కాబట్టి “రెండు లక్షల నలభై వేల విలువ” అని చెప్పినవారిని నాలుగు విషయాలు అడగాలి: ఎన్ని ఆప్షన్లు, సంస్థ మొత్తం షేర్లలో అవి ఎంత భాగం, ఒక్కొక్కటి కొనడానికి ధర ఎంత, ఉద్యోగం మానేశాక కొనుక్కోవడానికి ఎన్ని రోజుల గడువు ఇస్తారు. వీటికి జవాబు చెప్పలేని స్టార్టప్ మీకు ఇస్తున్నది లాటరీ టిక్కెట్టు కూడా కాదు. టిక్కెట్టు మీద కనీసం నంబరు ఉంటుంది.

బయటికి వచ్చే దారి

అనుభవం ఉన్న రంగంలోనే ఉద్యోగం మారేవారి కంటే కొత్త రంగంలోకి వచ్చినవారికి నిష్క్రమణ షరతులు ఎక్కువ ముఖ్యం. మొదటి ఆఫర్‌లో వారి పాత జీతాన్ని, సున్నా అనుభవాన్ని చూసి తక్కువ ఇస్తారు. అసలు మార్కెట్ విలువ రెండో ఉద్యోగంలో దొరుకుతుంది. ఆ రెండో ఉద్యోగానికి వెళ్లే తలుపు ఎంత తేలికగా తెరుచుకుంటుందన్నది కూడా జీతంలో భాగమే.

తొంభై రోజుల నోటీసు పెద్ద ఐటీ సేవల సంస్థల్లో మామూలైపోయింది. తొంభై రోజులు ఆగే యజమాని దొరకక మంచి అవకాశాలు జారిపోవడం అందరికీ తెలిసిన బాధే. ఆఫర్ దశలో దీన్ని అరవైకి తగ్గించమని అడిగితే పెద్ద సంస్థ ఒప్పుకోదు, ఎందుకంటే అది అందరికీ ఒకే నియమం. కానీ నోటీసు బదులు జీతం చెల్లించి వెళ్లిపోయే వెసులుబాటు ఉద్యోగి ఇష్టమా, సంస్థ ఇష్టమా అన్నది లెటర్‌లో చదివి తీరాలి. ఏజెన్సీ కాంట్రాక్టులలో నోటీసు ముప్పై రోజులుండడం సాధారణం. అది రెండువైపులా పదునున్న కత్తి. వారు కూడా మిమ్మల్ని ముప్పై రోజుల్లో పంపేయగలరు.

బాండు గురించి రెండు రకాల వదంతులు తిరుగుతుంటాయి, “బాండ్లు చెల్లవు” అని ఒకటి, “సంతకం పెడితే జైలే” అని మరొకటి. రెండూ తప్పే. ఉద్యోగం మానేసిన తరువాత మరెక్కడా పనిచేయకూడదనే షరతును 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెల్లనివ్వదు. కానీ నిర్ణీత కాలం పనిచేయాలి, లేకపోతే కొంత సొమ్ము చెల్లించాలి అనే షరతు వేరు. విజయా బ్యాంకు కేసులో 2025 మే నెలలో సుప్రీంకోర్టు మూడేళ్లు పనిచేయాలి, లేదంటే రెండు లక్షలు చెల్లించాలన్న షరతును సమర్థించింది. కాబట్టి బాండును తేలికగా తీసుకోకూడదు, భయపడనూ అక్కర్లేదు. అందులోని సొమ్మును పైన వేసిన రెండేళ్ల మొత్తంలోంచి తీసేసి మళ్లీ పోల్చి చూసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లను అట్టిపెట్టుకుంటామనే సంస్థకు మాత్రం వెళ్లవద్దనే చెబుతాను. ప్రైవేటు కాలేజీల్లో పనిచేసినవారికి ఈ అనుభవం కొత్త కాదు. కొత్త కంపెనీ వారు సర్టిఫికెట్లు చూపించమన్నప్పుడు ప్రిన్సిపాల్ గది ముందు నిలబడిన రోజులు చాలామందికి గుర్తే ఉంటాయి. రాజీనామా కంటే ముందే వాటిని చేజిక్కించుకునే ఏర్పాటు చేసుకోవాలి.

జాయినింగ్ బోనస్ కూడా ఒక విధమైన బాండే. ఏడాదిలోపు వెళ్లిపోతే తిరిగి కట్టాలని దాదాపు ప్రతి లెటర్‌లోనూ ఉంటుంది. సంస్థే మిమ్మల్ని తీసేస్తే కూడా కట్టాలా అన్న వాక్యం దగ్గర ఆగి చదవండి. నిధులు అయిపోయి మూతపడే అవకాశం ఉన్న చోట అది అడగవలసిన ప్రశ్న.

పని ఏమిటో తెలియకుండా జీతం పోల్చలేము

డబ్బు లెక్క సమానమయ్యాక మిగిలే ప్రశ్న ఒకటే: రెండేళ్ల తరువాత ఇంటర్వ్యూలో “అక్కడ ఏం చేశారు?” అని అడిగితే ఏం చెప్పగలరు? నా దృష్టిలో మూడు ఆఫర్లను వేరుచేసేది ఇదే, మిగతావన్నీ దీని తరువాతే.

సేవల సంస్థలో డేటా అనలిస్టుగా తీసుకొని, చేరాక ప్రాజెక్టు దొరికేదాకా పని లేకుండా బెంచి మీద కూర్చోబెట్టి, చివరికి ఫిర్యాదుల టికెట్లు మూసే సపోర్టు పనిలో వేయడం జరుగుతూనే ఉంటుంది. వారు మోసం చేశారని కాదు, ఆ వ్యాపారం నడిచే తీరే అది. క్లయింటు ఏది అడిగితే అది. అనుభవజ్ఞుడికి అది ఒక ఏడాది నష్టం, రంగం మారినవారికి మారిన రంగమే చేజారడం. కాబట్టి హెచ్ఆర్‌ను కాక, ఇంటర్వ్యూ చేసిన మేనేజరును, “నేను చేరబోయే ప్రాజెక్టు ఇప్పటికే ఖరారైందా, రోజువారీ పనిలో ఎస్‌క్యూఎల్‌తో డేటా తీయడం, నివేదికల తయారీ ఎంత ఉంటాయి, రాత్రి షిఫ్టు ఉంటుందా?” అని అడగాలి. ఖరారు కాలేదని నిజాయితీగా చెబితే ఆ ఆఫర్ విలువ తగ్గుతుంది, ఆ మేనేజరు మీద గౌరవం పెరుగుతుంది.

విదేశీ బ్యాంకు కేంద్రంలో పని సాధారణంగా ముందే నిర్ణయమై ఉంటుంది, ఎందుకంటే ఒక ఖాళీకే కాంట్రాక్టు మనిషిని తీసుకుంటారు. అక్కడ తెలుసుకోవలసింది వేరు: ఆ బృందంలో కాంట్రాక్టు మీద వచ్చి పర్మినెంట్ అయినవారు ఎవరైనా ఉన్నారా, అలా మార్చుకోవాలంటే ఏజెన్సీకి బ్యాంకు రుసుము కట్టాలా, పండగ సెలవులకు జీతం ఉంటుందా, లేక పనిచేసిన రోజుకే కూలా. రెజ్యూమెలో బ్యాంకు పేరు రాసుకోవచ్చు కానీ జీతమిచ్చిన సంస్థగా ఏజెన్సీ పేరే రాయాలి. నేపథ్య పరిశీలనలో బయటపడేది ఆ పేరే.

స్టార్టప్‌లో పని ఎక్కువ దొరుకుతుంది, నేర్పేవారు తక్కువ దొరుకుతారు. డేటా విభాగంలో మీరే మొదటి మనిషి అయితే, తప్పు చేసినా చెప్పేవారుండరు. ముందే ఒక సీనియర్ ఉన్న చోటే కొత్తవారు వెళ్లాలని నా సలహా.

బీమాను చాలామంది ఆఖరున చూస్తారు, లేదా చూడరు. మధుమేహం ఉన్న తండ్రికి విడిగా పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు వేచి ఉండే గడువు పెట్టవచ్చు. 2024లో బీమా నియంత్రణ సంస్థ నాలుగేళ్ల పరిమితిని మూడేళ్లకు తగ్గించింది. ఉద్యోగుల సామూహిక పాలసీల్లో సాధారణంగా ఈ గడువు ఉండదు. సేవల సంస్థ తల్లిదండ్రులను కలుపుకోనిస్తే, వెనకబడిన ఆ లక్షన్నరలో మంచి భాగం అక్కడే పూడుతుంది. ఒక్క వారం ఆసుపత్రి బిల్లు చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

బేరం

జీతం అడగడం అంటే మనకు ఒక జంకు. ఏడేళ్లు కాలేజీ నడిపే కరెస్పాండెంటు ఇచ్చిందే పుచ్చుకున్న అధ్యాపకుడికి ఆ జంకు మరింత ఉంటుంది. అమెరికాలో ఉన్న అన్నయ్య ఫోన్ చేసి “డబుల్ అడుగు” అంటాడు. ఆయన ఉన్న చోట పరిస్థితి వేరు. కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియాలో 2023 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం శ్రేణి చెప్పాలన్న చట్టాలున్నాయి. మన దగ్గర ఆ శ్రేణిని మనమే రాబట్టాలి, పైగా వారు ముందు మన పాత జీతం అడుగుతారు.

ఈ పాత జీతమే రంగం మారినవారికి పెద్ద ఉచ్చు. “ప్రస్తుత జీతం మీద ముప్పై శాతం” అనే సూత్రాన్ని 28,000 మీద వేస్తే 36,400 వస్తుంది, కథ అక్కడే ముగుస్తుంది. అలాగని అబద్ధం చెప్పవద్దు. పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ ఖాతా చరిత్ర అడుగుతారు, దొరికిపోతే ఆఫర్ రద్దవుతుంది. అమీర్‌పేటలో దొరికే నకిలీ అనుభవ పత్రాల సంగతీ అంతే. పీఎఫ్ జమ కాని “మూడేళ్ల అనుభవం” ఇవాళ పది నిమిషాల్లో తేలిపోతుంది. నిజం చెప్పి, దాన్ని పక్కన పెట్టించాలి. సంభాషణ ఇంగ్లీషులోనే నడవవచ్చు గాని సారం ఇది: “నా ప్రస్తుత జీతం నెలకు 28,000 అండీ, కానీ అది బోధన రంగంలోది, ఈ పనికి కొలమానం కాదు. ఈ స్థాయికి మీ దగ్గర కేటాయించిన శ్రేణి ఎంతో చెబితే నేను అందులో ఎక్కడ సరిపోతానో మాట్లాడుకోవచ్చు.” ఇది చెప్పాక ఆగాలి. అవతలివారు మౌనంగా ఉన్నారని మనమే తొందరపడి “తక్కువైనా పర్వాలేదండీ” అనేయడం మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

బేరానికి సరైన సమయం ఆఫర్ చెప్పాక, సంతకానికి ముందు. ఇంటర్వ్యూ పూర్తయ్యేదాకా అంకె మాట్లాడకుండా దాటేయగలిగితే మంచిది. ఆఫర్ వచ్చినప్పుడు అడిగేదానికి కారణం చూపాలి, అది మీ అవసరం కాకూడదు. “ఇంట్లో ఖర్చులు ఎక్కువండీ” అన్నది హెచ్ఆర్ పై అధికారికి చెప్పుకోలేని కారణం. “ఏడేళ్లు గణాంకశాస్త్రం బోధించాను, కాలేజీ ఫలితాల విశ్లేషణ నేనే చేసేవాణ్ణి, క్లయింటుకు అర్థమయ్యేలా వివరించడం నాకు కొత్తగా నేర్పనక్కర్లేదు” అన్నది చెప్పుకోగల కారణం. బోధన అనుభవాన్ని ఏడేళ్లుగా లెక్కించమంటే ఒప్పుకోరు. ఒక గ్రేడు పైన వేయడానికి మాత్రం అది పనికొస్తుంది.

అడగవలసిన వరుసలో స్థిర జీతం మొదటిది, ఎందుకంటే వచ్చే పెంపు, తరువాతి ఉద్యోగంలో వేసే శాతం రెండూ దాని మీదే. సేవల సంస్థలో శ్రేణి బిగుసుగా ఉంటుంది. మొత్తం పెంచలేమంటే వేరియబుల్‌లో కొంత భాగాన్ని స్థిర జీతంలోకి మార్చమని అడగండి, సంస్థకు ఖర్చు పెరగదు గనుక కొన్నిచోట్ల కుదురుతుంది. ఏజెన్సీ దగ్గర అసలు బేరానికి చోటుంది, ఎందుకంటే బ్యాంకు చెల్లించే దానికీ మీకిచ్చే దానికీ మధ్య తేడానే వారి ఆదాయం. 71,000ను 76,000 చేయమంటే వారు మొదట నొచ్చుకుంటారు, తరువాత మేనేజరు మిమ్మల్నే కోరుకుంటున్నాడని తెలిస్తే సగానికైనా దిగుతారు. స్టార్టప్‌లో “ఆప్షన్లు తగ్గించి నెలజీతం 80,000 చేయండి” అనడం న్యాయమైన కోరిక. అలా చేస్తే చేతికి 78,000 వచ్చి, బెంగళూరు ఖర్చు పోగా రెండేళ్ల మొత్తం 17,22,000కు చేరుతుంది. అప్పుడు ఆ ఆఫర్ నిజంగానే ముందుకొస్తుంది.

“ఆరు నెలల తరువాత పెంచుతాం” అనే మాట వింటే, దాన్ని లెటర్‌లో ఒక వాక్యంగా రాయమనండి. రాస్తే అది జీతం, రాయకపోతే పలకరింపు.

వేరే ఆఫర్ ఉందని చెప్పడం తప్పు కాదు, లేనిది ఉందనడం తప్పు. లెటర్ చూపించమంటే ఏం చేస్తారు? ఉన్నదాన్ని కూడా బెదిరింపుగా కాకుండా చెప్పాలి: “నా దగ్గర మరో ఆఫర్ ఉందండీ, కానీ మీ బృందంలో పనే నాకు నచ్చింది; స్థిర జీతం ఈ మేరకు వస్తే ఇవాళే ఒప్పుకుంటాను.” చివరి భాగం ముఖ్యం. ఇస్తే వస్తాడో రాడో తెలియని మనిషి కోసం పై అధికారి దగ్గరికి వెళ్లి అడగడానికి ఏ హెచ్ఆరూ సిద్ధపడరు. ఒప్పుకుంటానన్నాక మళ్లీ మరో మెట్టు ఎక్కించడం మాత్రం పరువు తక్కువ.

నేనైతే

తండ్రికి ఇప్పటికే వేరే బీమా ఉండి, ఇంట్లో ఆరు నెలల ఖర్చుకు నిల్వ ఉంటే, ఏజెన్సీ ద్వారా బ్యాంకు పనికే వెళ్లమంటాను. పని స్పష్టంగా ఉంది, నోటీసు చిన్నది, సొంత ఊరు దగ్గర. బీమా, నిల్వ రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నా సేవల సంస్థ మంచిది, అయితే ప్రాజెక్టు ఖరారైందని మేనేజరు నోటి నుంచి విన్నాకే. స్టార్టప్‌ను నెలజీతం 80,000 చేసి, పైన ఒక సీనియర్ ఉన్నారని తెలిస్తేనే పరిగణిస్తాను. పెళ్లయి, భార్య ఉద్యోగం కూడా బెంగళూరులోనే ఉంటే ఈ వరుస తలకిందులవుతుంది. అలాంటి సంగతులు ఏ పట్టికలోనూ ఉండవు.

ఆఫర్లకు రెండు, మూడు రోజుల గడువు పెట్టి తొందరపెడతారు. ఒక వారం కావాలని మర్యాదగా, కారణంతో, ఒకేసారి అడిగితే చాలాసార్లు ఇస్తారు. చేరే తేదీతో సహా సంతకమైన లెటర్ రానిదే కాలేజీకి రాజీనామా ఇవ్వవద్దు. 2022 తరువాత కొన్నేళ్లపాటు ఐటీ సేవల సంస్థల ఆఫర్ లెటర్లు పట్టుకొని నెలల తరబడి ఎదురుచూసిన కొత్త పట్టభద్రులెందరో ఉన్నారు. రెండింటికి ఒప్పుకొని చేరే రోజు ఉదయం ఒకదానికి ఫోన్ ఎత్తకుండా ఉండడం కూడా మన నగరంలో మామూలైంది. అలా చేసినవారి పేరు ఏజెన్సీల జాబితాల్లో నిలిచిపోతుంది. కాదనుకున్న రెండు చోట్లకు అదే రోజు ఫోన్ చేసి చెప్పి, ఆ మేనేజర్ల నంబర్లు దాచుకోండి. రెండేళ్ల తరువాత మొదట ఫోన్ చేయవలసింది వారికే కావచ్చు.

చేరిన మొదటి నెల పే స్లిప్పును ఆఫర్ లెటర్ పట్టిక పక్కన పెట్టి వరుసవరుసా సరిచూసుకోండి. పాత కాలేజీలో ఏప్రిల్ నుంచి వచ్చిన జీతం వివరం కొత్త యజమానికి ఇవ్వండి, పాత పీఎఫ్ అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సంఖ్య) కిందికి బదిలీ అయిందో లేదో చూడండి. ఏ వరుసలోనైనా తేడా కనిపిస్తే ఆ నెలలోనే ఈమెయిల్ రాయండి. మూడో నెల నాటికి అదే సరైన అంకె అని పేరోల్ విభాగం వాదిస్తుంది.